వెనక్కి పంపాల్సిన పెట్టె

జగదల్‌పూర్ నుంచి కొంటా పోయే పొద్దుటి బస్సు దోర్నపాల్‌లో ఆగినప్పుడు, డిక్కీలోంచి మా పేరు రాసిన రెండు అట్టపెట్టెలు దిగాయి. పెద్దదాన్ని మా ఆయన ఉపేంద్ర, మా జనరేటర్ చూసుకునే కోస చెరోవైపు పట్టుకుని మూలుగుతూ దించారు. చిన్నదాన్ని నేనొక్కదాన్నే దించాను. దించాక కూడా కింద పెట్టకుండా కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాను, దాని బరువు నా చేతికి అలవాటు కావాలని.

రెండూ గిటార్ యాంప్లిఫయర్లే, రెండూ నా కోసం వచ్చినవే. ఒకటి ఉంచుకుని రెండోదాన్ని, మధ్యాహ్నం ఇదే బస్సు కొంటా నుంచి తిరిగి వచ్చేటప్పుడు వెనక్కి ఎక్కించెయ్యాలి. మా రోడ్డు మీద బేరాలన్నీ ఇలాగే సాగుతాయి. పెళ్ళిచీరలైనా, మిక్సీ అయినా, మోటారు పంపు అయినా పట్నం దుకాణం వాడు ఒకటికి రెండు పంపుతాడు, నచ్చింది ఉంచుకుని నచ్చనిది కండక్టర్ చేతికిస్తాం. పసంద్ మీద తెప్పించడం అంటారు దీన్ని.

ఉంచుకోవాల్సింది చిన్నదే అని నేను ముందే తేల్చుకున్నాను. వాయించి చూడకముందే, అట్ట విప్పకముందే. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

నేను కిరండూల్ ఇనుప గని కాలనీలో పుట్టి పెరిగినదాన్ని. అక్కడి క్లబ్బులో ఓ మూల దుమ్ము కొట్టుకుపోయి ఉన్న నైలాన్ తీగల గిటార్ నా చేతికి చిక్కింది, అప్పటినుంచీ వదల్లేదు. నైలాన్ తీగలది మెత్తని గొంతు. గోళ్ళతో, వేలికొసలతో మీటాలి. పక్కగదిలో కుక్కర్ కూత పెడితే చాలు, ఇక వినపడదు. అలాంటి వాయిద్యం పట్టుకుని నేను వచ్చి పడ్డది డీజే ఇంట్లో. ఎవరినీ అనడానికి లేదు, ఉపేంద్రను ఇష్టపడే చేసుకున్నాను.

మా మామగారు భూషణం గారిది సౌండ్ సర్వీసు. కొంటా నుంచి సుక్మా దాకా పెళ్ళి ఊరేగింపు ఉందంటే మా బండి ఉండాల్సిందే. లారీ మీద ముందు వరస బాక్సులు, వెనక వరస బాక్సులు, మధ్యలో జనరేటర్, దాని పక్కన ఇనుప కుర్చీలో నేను. పెళ్ళికూతురు పందిట్లోకి వచ్చేటప్పుడు కాసేపు నా గిటార్, ఆ తర్వాత డీజే. బండి పక్కన ఎర్రరంగుతో ‘కోడలు గిటార్’ అని రాయించి బొమ్మ కూడా వేయించారు. వేసినవాడు గిటార్‌కి ఎనిమిది తీగలు పెట్టాడు. తుడిచి ఆరు పెట్టించమని మొత్తుకున్నాను, ఎనిమిదైతే ఇంకా మంచిదే కదా అన్నారు మామగారు.

బాక్సులు పేర్చకముందే నేను ఎక్కి కూర్చోవాలి. పేర్చాక దిగడానికి దారి ఉండదు. ఊరేగింపు ఎప్పుడు ముగిస్తే అప్పుడే దిగడం. అందుకని ఊరేగింపు ఉన్న రోజున నేను మధ్యాహ్నం నుంచి నీళ్ళు తాగను. మా అత్తగారు నాగేశ్వరమ్మకు ఇది తెలుసు, అందుకే ఆ రోజుల్లో నాకోసం నిమ్మకాయ ఉప్పు వేసి నానబెట్టి ఇస్తుంది, చప్పరించమని. ఆమెకున్న ప్రేమకు నాకు ఏడుపొస్తుంది. వీళ్ళు చెడ్డవాళ్ళయితే ఎంత బాగుండేది! తిట్టుకునైనా బతికేదాన్ని.

మొదట్లో గిటార్ ముందు మైకు పెట్టారు. ఆ మైకుకి నా గిటార్ కన్నా వెనకున్న బాక్సులే బాగా వినపడేవి, కీచుమని సీటీ కొట్టేది. తర్వాత ఉపేంద్ర ఎంతో ముచ్చటపడి ఆన్‌లైన్‌లో అయస్కాంతం పికప్ తెప్పించి బిగించాడు. ఎంత మీటినా చప్పుడు లేదు. అది ఇనుప తీగల కదలికను పట్టే పికప్, నా గిటార్‌లో ఇనుమెక్కడ? ఇనుప కొండ కింద పుట్టిన పిల్లవి, నీ దగ్గర ఇనుము లేకపోవడమేంటని వారం రోజులు నవ్వాడు. చివరికి విశాఖలో ఒకతని చేత, తీగలు ఆనుకునే పట్టీ కిందనే సన్నటి పికప్ పెట్టించాం. అది తీగ అదురును నేరుగా పడుతుంది. కానీ దాన్ని డీజే మిక్సర్‌కి కలిపితే రేకు డబ్బా మీద కొట్టినట్టుంది. అందుకే ఇక గిటార్‌కంటూ వేరే యాంప్లిఫయర్ కొనాలని మామగారే నిర్ణయించారు. బండి మీద బోల్టులతో బిగించి పెట్టే పెద్దదాన్ని పంపమని దుకాణానికి ఆయనే ఫోన్ చేశారు. పక్కన పెట్టి పోల్చి చూడటానికి చిన్నదొకటి కూడా పంపమనండి అని ఉపేంద్ర చేత అనిపించింది నేను.

ఎందుకంటే రీనా పిలిచింది. రీనా నాతో కిరండూల్‌లో చదువుకుంది, ఇక్కడి హల్బీ భాషలో పాటలు పాడుతుంది. జగదల్‌పూర్ దగ్గర ఇంద్రావతి ఒడ్డున టూరిస్టుల గుడారాల దగ్గర శనివారాలు పాటలు పెడుతున్నారట. కరెంటు ఉండదు, జనరేటర్ పెట్టనివ్వరు, నది చప్పుడు వినపడాలంటారు. వచ్చినవాళ్ళు చాపల మీద కూర్చుని మాట్లాడకుండా వింటారట. “బ్యాటరీ మీద నడిచే యాంప్ ఒకటి తెచ్చుకో నవీనా, బస్సెక్కి వచ్చెయ్, ప్రతి శనివారం నువ్వూ నేనూ” అంది. మాట్లాడకుండా వింటారన్న మాటను నేను రెండుసార్లు చెప్పించుకున్నాను. నేను పెళ్ళయ్యాక అలాంటి మనిషిని ఒక్కరిని కూడా చూడలేదు.

చిన్న యాంప్ ఉంటే ఒక చేత్తో అది, వీపున గిటార్, నేను బస్సు ఎక్కగలను. పెద్దది ఉంటే బండి ఎక్కడుంటే నేనూ అక్కడే. ఇంట్లో అడిగితే వద్దంటారని కాదు నా భయం. పోయినేడు మా అమ్మను చూసి వస్తానంటే, ఎండలో బస్సులో ఎందుకని అందరూ బయల్దేరి లారీ మీదే కిరండూల్ తీసుకెళ్ళారు. మా కాలనీ ఇరుకు సందులో బాక్సులతో సహా లారీ నిలబెట్టి, మా అమ్మతో నేను మాట్లాడే ప్రతి మాటా పక్కన కూర్చుని విన్నారు. అందుకే ముందు యాంప్ చేతిలో పడనీ, తర్వాత చూసుకుందాం అనుకున్నాను.

మా రేకుల షెడ్డులో పెట్టెలు విప్పారు. ఎండ అప్పటికే రేకుల మీద కూర్చుంది. అత్తగారు గుమ్మంలో చింతపండు ముందేసుకుని గింజలు తీస్తోంది. మామగారు పెద్ద యాంప్‌ను ఓ చివర పట్టి ఎత్తి చూశారు. డీజే వాళ్ళు ఏ పెట్టెనైనా ముందు అలాగే చూస్తారు, వినడం తర్వాత.

“బరువున్నది. బరువుంటే బేస్ మంచిగుంటది” అన్నారు. చిన్నదాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, “ఇదేంది? టిఫిన్ డబ్బానా?” అన్నారు.

“ముందు దాన్నే వాయించి చూస్తాను మామయ్యా” అన్నాను.

ముందే అనుకుని పెట్టుకున్నాను ఏది వాయించాలో. చిన్న స్పీకర్ లావు తీగల బరువు మొయ్యలేదు, గరగరమంటుంది, అది నాకు తెలుసు. అందుకే సన్న తీగల మీదే నడిచే ముక్క ఒకటి ఎంచుకున్నాను. చక్కగా, నెమ్మదిగా వాయించాను. షెడ్డులో బాగానే వినపడింది. కోస తల ఊపాడు. ఉపేంద్ర, “మంచిగనే ఉన్నది గద నాయినా” అన్నాడు. నాకు లోపల బస్సు కదిలినట్టయింది.

“మంచిగనే ఉన్నది. మరి కింది గొంతేది?” అన్నారు మామగారు.

“ఈ ముక్కలో లావు తీగల పని ఉండదు మామయ్యా.”

“ఉండదా? సరే, పెద్దది పెట్టు.”

పెద్దది పెట్టాను. ఇక్కడ నేను చేసింది చెబుతాను, నాకు సిగ్గేమీ లేదు. నైలాన్ గిటార్ డొల్లగా ఉంటుంది. స్పీకర్ నోటికి ఎదురుగా దాన్ని పట్టుకుని నిలబడితే, స్పీకర్ చప్పుడుకి గిటార్ పొట్ట అదిరి, ఆ అదురు మళ్ళీ పికప్‌లోకి పోయి కూత మొదలవుతుంది. నేను సరిగ్గా అక్కడే నిలబడ్డాను. యాంప్ మీది బేస్ బిరడా మూడొంతులు తిప్పాను. ఐదో తీగ మీటి వదిలేశాను.

బర్రె అరిచినట్టు అరిచింది. షెడ్డు రేకులు గలగలమన్నాయి. అత్తగారు చింతపండు చేతులతోనే చెవులు మూసుకుంది.

“ఆపుండ్రి! ఏందది, మనుషుల్ని సంపుతరా?”

“నైలాన్‌కి ఇది పనికిరాదేమో అత్తమ్మా. ఊరేగింపులో ఇలా అరిస్తే పరువు పోతుంది” అన్నాను. గొంతులో ఎంత విచారం పెట్టానో నాకే ఆశ్చర్యం వేసింది.

“అయితే గిది పంపిద్దం నాయినా. చిన్నదే ఉంచుదం” అన్నాడు ఉపేంద్ర. ప్లగ్గు తియ్యడానికి వంగాడు కూడా. ఆ క్షణంలో మా ఆయన్ని నేను చాలా ప్రేమించాను.

“ఉండు” అన్నారు మామగారు.

భూషణం గారికి సన్న శబ్దాలు వినపడవు. ఇన్నేళ్ళు బాక్సుల ముందు నిలబడ్డ చెవులు అవి. బయటివాళ్ళకు చెప్పం, బేరాలు పోతాయని. కానీ ఆయన వినే పద్ధతి వేరు. నా దగ్గరకు వచ్చి, గిటార్ పలక మీద అరచెయ్యి ఆనించారు, జ్వరం చూసినట్టు.

“మళ్ళ కొట్టు.”

కొట్టాను. మళ్ళీ అరిచింది. ఆయన ఒక చెయ్యి గిటార్ మీదే ఉంచి, రెండో చేత్తో యాంప్ మీద ఇంతకుముందు ఎవరూ ముట్టుకోని ఒక చిన్న బిరడాను పట్టుకున్నారు. కూత పెట్టే ఒక్క స్వరాన్ని మాత్రం వెతికి కోసేసే బిరడా అది. కళ్ళు మూసుకుని వెంట్రుకవాసి చొప్పున తిప్పారు. అరుపు గొణుగుడైంది. గొణుగుడు కూడా సన్నగిల్లింది. ఆయన అరచెయ్యి కింద చెక్క అదరడం ఆగిపోయింది, అది నాకూ కడుపు మీద తెలిసింది. తర్వాత నా భుజం పట్టుకుని మెల్లగా పక్కకు జరిపి, యాంప్‌కి వీపు చూపేలా నిలబెట్టారు.

“ఎదురుంగ నిలబడ్డవ్ బిడ్డా” అన్నారు, నాకు మాత్రమే వినపడేలా.

“చూసుకోలేదు మామయ్యా.”

“మూడేండ్ల సంది నా బండి మీద వాయిస్తన్నవ్. ఒక్కనాడన్న చూస్కోకుండ నిలబడ్డవా?”

నా ముఖం కాలిపోయింది. ఆయన ఆ సంగతి అందరికీ చెప్పేస్తే బాగుండేది, పోట్లాడేదాన్ని, రీనా సంగతంతా కక్కేసేదాన్ని. ఆయన వెనక్కి వెళ్ళి స్టూలు మీద కూర్చుని, “ఇప్పుడు నీదేందో నువ్వు వాయించు. కింది గొంతుతోని” అన్నారు.

అప్పుడు కూడా నేను చెడగొట్టొచ్చు. శ్రుతి తప్పించొచ్చు, ఓ తీగ వదులు చెయ్యొచ్చు. చెయ్యాలనే అనుకున్నాను. కానీ కోపంలో ఉన్నప్పుడు నా వేళ్ళు ఒకే ఒక్క ముక్క వైపు పోతాయి. కిరండూల్‌లో మా ఇంటి వెనక నుంచి ముడి ఇనుము మోసుకుంటూ గూడ్సు పోయేది, దాని నడక మీద నేను కట్టుకున్నది. బొటనవేలు లావు తీగల మీద ఆగకుండా నడుస్తూ ఉంటే, మిగతా వేళ్ళు పైన ఎక్కడికో వెళ్ళి వస్తుంటాయి. బండి మీద ఎప్పుడూ వాయించలేదు. ఎలాగూ ఏమీ వినపడదు కదా.

మొదటి మీటుకే నేను ఆగిపోయాను. అన్నిటికన్నా లావైన ఆరో తీగ గొంతు నా వెనక నుంచి లేచి, నేలమీదుగా వచ్చి, నా మడమల్లోంచి పైకి ఎక్కింది. గరగర లేదు, రేకు చప్పుడు లేదు. అది చెక్క గొంతు. నా గిటార్ గొంతే, నేను దాని మీద చెవి పెట్టి పడుకున్నప్పుడు నాకొక్కదానికే వినిపించేది. ఇప్పుడది షెడ్డంతా నిండి ఉంది. మళ్ళీ మొదలుపెట్టాను. బొటనవేలు నడుస్తోంది, నేను దాని వెంట పోతున్నాను. ఇన్నేళ్ళుగా నా బొటనవేలు ఇంత బాగా వాయిస్తోందని నాకు తెలియదు, నేనెప్పుడూ దాన్ని వినలేదు. సంతోషంతో నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి, ఆ సంతోషం మీద పట్టరాని కోపమూ వచ్చింది. ఆపాలి, ఆపాలి అనుకుంటూనే చివరి దాకా వాయించాను. ఇంకోసారి కూడా వాయించాను.

ఆపేసరికి షెడ్డులో ఎవరూ మాట్లాడటం లేదు. కోస బీడీ వెలిగించడం మర్చిపోయి వేళ్ళ మధ్య పట్టుకుని ఉన్నాడు. అత్తగారి చేతిలో చింతపండు అలాగే ఉంది.

“ఇది నువ్వేనా, నవీనా?” అంది అత్తగారు. “మూడేండ్లు ఇంట్ల పెట్టుకొని నేను ఇనలేదా ఏంది?”

ఉపేంద్ర నా వైపు చూడకుండా ప్లగ్గు తీగను చుట్టడం మొదలుపెట్టాడు. అతనికి ఏడుపొస్తే ఏదో ఒక తీగ చుడతాడు.

రోడ్డు మీద నుంచి హారన్ వినపడింది. కొంటా నుంచి బస్సు వచ్చేసింది. టీ తాగడానికి కాసేపు ఆగుతుంది.

“మరి ఏది పంపాలె?” అన్నారు మామగారు. “వాయించేది నువ్వు. నువ్వే చెప్పు. నువ్వు ఏది అంటే అదే, ఇంగ ఎవ్వరు మాట్లాడరు.”

ఆ మాటకు నేను సిద్ధంగానే ఉన్నాను. పొద్దుటి నుంచి నోట్లో పెట్టుకుని తిరుగుతున్న జవాబు ఉంది: చిన్నది చాలు మామయ్యా, ఇంట్లో సాధన చేసుకోవడానికి కూడా పనికొస్తుంది. అంటే చాలు. ఆయన మాట తప్పే మనిషి కాదు. నేనేం చేశానో తెలిసి కూడా నాకే వదిలేశారు. తలుపు బార్లా తీసి ఉంది, నన్ను ఎవరూ పట్టుకోలేదు. నేను చిన్న యాంప్ వైపు చూశాను. ఇంద్రావతి ఒడ్డున చాపల మీద కూర్చున్నవాళ్ళు, రీనా, మాట్లాడకుండా వినే మనుషులు, అందరూ కనిపించారు. ఆ మనుషుల ముందు నేను ఆరో తీగ ముట్టకుండా వాయిస్తూ కనిపించాను. ప్రతి శనివారం, బొటనవేలు మడిచి పెట్టుకుని.

“చిన్నది పంపేద్దాం” అన్నాను.

ఆ మాట అన్నది నేనే. నా గొంతు నేను గుర్తుపట్టాను.

మామగారు లేచి నా తల మీద చెయ్యి పెట్టారు. “ఎటన్న పోయి వాయించాలని ఉంటే చెప్పు బిడ్డా. దాయకు. జగదల్‌పూరన్న సరే, రాయ్‌పూరన్న సరే. బండి తీస్కొని అందరం పోదం.”

“నేను అన్నం కట్టుకొస్త” అంది అత్తగారు. “బయట తిండి నీకు పడదు.”

నది ఒడ్డున గుడారాల పక్కన మా లారీ, ‘కోడలు గిటార్’ అన్న ఎర్రక్షరాలు, ఎనిమిది తీగల బొమ్మ, మూడంతస్తుల క్యారియర్‌తో అత్తగారు, జనరేటర్ పక్కన కోస కనిపించారు. నవ్వొచ్చింది, కానీ ఆ నవ్వు బయటికి రావడానికి దారి లేక లోపలే తిరిగింది.

చిన్నదాన్ని అట్టపెట్టెలో సర్ది నేనే తీసుకెళ్తానన్నాను. ఉపేంద్ర వస్తానన్నాడు, బరువేం లేదులే అన్నాను. అప్పటికే అతను డ్రిల్లు మిషన్ పట్టుకుని లారీ ఎక్కుతున్నాడు, సాయంత్రం ఎర్రాబోర్ పెళ్ళికి పెద్దదాన్ని బిగించాలి.

బస్సు స్టాండులో టీ కొట్టు ముందు కండక్టర్ మంగల్ గ్లాసు ఊదుకుంటున్నాడు. నన్ను చూసి నా చేతిలో పెట్టెను చూశాడు.

“ఆవో దీదీ, ముందు సీటు ఖాళీగా ఉంది, కూర్చో. జగదల్‌పూర్ కదా?”

“నేను కాదు” అన్నాను. “ఇదొక్కటే.”

“నీకు నచ్చలేదా?”

“నచ్చింది.”

అతను నాకేసి ఓసారి చూసి, డిక్కీ తెరిచి పెట్టెను టమాటా బుట్టల మధ్య దూర్చాడు. నేను ఫోన్ తీసి రీనాకి, ఈ శనివారం రాలేనని కొట్టాను. ఈ శనివారం అన్నది చెరిపేసి, రాలేనని మాత్రమే పంపాను. బస్సు బయల్దేరింది. ముందు సీటు ఖాళీగానే పోయింది, చెక్‌పోస్టు మలుపు దాకా నాకు కనిపిస్తూనే ఉంది.

వెనక్కి తిరిగాను. షెడ్డులో ఎవరో నా గిటార్‌ను పెద్ద యాంప్‌కి కలిపి ఒక్కో తీగా మీటి చూస్తున్నారు, మామగారే అయి ఉంటారు. ఆరో తీగ చప్పుడు అంత దూరం నుంచి, లారీల మోత మధ్య నుంచి, రోడ్డు దాటి నా దగ్గరకు వచ్చింది. ఎంత బాగుందో! నా కాళ్ళు వేగంగా పడుతున్నాయని కాసేపటికి గానీ గమనించలేదు. ఎవరూ పిలవలేదు, ఎవరూ తొందరపెట్టలేదు. నేనే దాదాపు పరిగెత్తుతున్నాను ఆ షెడ్డు వైపు. ఆ రోజు జరిగినవాటన్నిటిలోకీ నాకు ఒళ్ళు మండింది దానికే.